కాళ్ళలో అల

తెల్లవారకముందే తెప్ప ఎక్కి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నీళ్ళ మీద నిలబడి ఒడ్డుకు వచ్చినవాడికి కాసేపు నేల కదులుతుంది. అన్నానికి కూర్చుంటే పీట ఊగినట్టుంటుంది. మా పల్లెలో దీన్ని ఎవరూ జబ్బు అనుకోరు. "అల ఇంకా కాళ్ళలోంచి దిగలా" అంటారు, అంతే. ఒక కునుకు తీసి లేస్తే దిగిపోతుంది. పుట్టినప్పటినుంచీ ఆ మాట వింటూ పెరిగినవాళ్ళం కాబట్టే మేము మోసపోయాం. చిల్లకూరు వైపు పొలం దున్నుకునేవాడెవడైనా అయితే నెల రోజుల ముందే కనిపెట్టి ఉండేవాడు.

అరవైల మొదటి సంవత్సరాలవి. నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. మా పల్లె చిట్టమూరుకు తూర్పున, ఇసుక దిబ్బలు దాటాక ఉంటుంది. మా అన్నా నేనూ ఒకే తెప్ప మీద వేటకు పోయేవాళ్ళం. తెప్ప అంటే నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టిందే. పట్టుకోవడానికి అంచు ఉండదు, కూర్చోవడానికి పలక ఉండదు. వెనక అన్న తెడ్డు వేస్తే, ముందు నేను నిలబడి వల వదిలేవాణ్ణి. ముందు నిలబడేవాడికి రెండు చేతులూ వలతో సరిపోతాయి కాబట్టి ఆధారమంతా కాళ్ళే. నేను బాగా నిలబడతానని పల్లెలో పేరుంది. ఎంత పెద్ద అల కిందుగా పోయినా వీడు మోకాలు వంచడని ముసలివాళ్ళు కూడా అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు కడుపు నిండేది.

ఆ ఏడు కార్తీకంలో దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం తాగాను, వాము నమిలాను. ఒక పొద్దున ఇసుకలో ఉమ్మితే ఎర్రగా పడింది. అన్న చూశాడు. కాలితో ఇసుక కప్పేసి, ఆ రోజే నన్ను మా అక్క దగ్గరికి తీసుకుపోయాడు. అక్కను రైలు ఆగే టౌనులో ఇచ్చాం. బావ పోయాక ఆమె అక్కడే ఒక పాక వేసుకుని, ఇంటింటికీ తిరిగి చేపలమ్ముకుంటూ ఉండేది. ఆ టౌనులో పేరుమోసిన డాక్టరు ఇంటికి కూడా ఆమే చేపలు వేసేది. అందుకని ఆయన దగ్గరికే పోయాం.

ఆయన నా ఛాతీకి ఫోటో తీయించి, దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసి, క్షయ అన్నాడు. రోజుకొక సూది చొప్పున తొంభై రోజులు, మాత్రలైతే ఏడాది పైమాటే అన్నాడు.

"మళ్ళీ తెప్ప ఎక్కొచ్చునా అయ్యా?" అని అడిగాను.

"సూదులు అయిపోనీ. తర్వాత నీ ఇష్టం, సముద్రంలోనే కాపురం పెట్టుకో" అన్నాడు. ఆ మాటకు మేమంతా నవ్వాం. అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "నీ చోట్లో కూలి మనిషిని పెట్టుకుంటా. నువ్వొచ్చిన దినం వాణ్ణి దిగిపొమ్మంటా" అని చెప్పి పల్లెకు వెళ్ళిపోయాడు.

ఆ ఆసుపత్రి గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు చేదెక్కుతుంది. లోపల కుర్చీలున్నాయి, వరండాలో బల్లలున్నాయి. మాకు మాత్రం వరండా మెట్ల కింద, కిటికీ పక్కన వేరే బల్ల. చేపల వాసన లోపలికి వస్తే మిగతావాళ్ళు కూర్చోలేరట. డాక్టరు కిటికీ ఊచల మధ్యనుంచి నా చెయ్యి అందుకుని, రెండే రెండు వేళ్ళతో నాడి చూసి, వెంటనే కార్బాలిక్ సబ్బుతో ఆ రెండు వేళ్ళూ కడుక్కునేవాడు. అదే సమయానికి మా అక్క పెరటివైపు నుంచి వాళ్ళ వంటింట్లో వంజరం ముక్కలు కోసి ఇస్తూ ఉండేది. పెరటివైపు పోయే చేపకు వాసన ఉండేది కాదు కాబోలు.

సూది వేసేది కాంపౌండరు. వరండా పక్కన తడిక చాటుకు పిలిచి తుంటికి వేసేవాడు. సూది మొద్దుబారిపోయి, గుచ్చితే చర్మం ముందు లోపలికి పోయి తరవాత తెగేది. ఒకరికి వేశాక దాన్ని వేడినీళ్ళ గిన్నెలో అటూ ఇటూ తిప్పి ఇంకొకరికి వేసేవాడు. నా ముందున్న ఆయన నెత్తురు ఆ నీళ్ళలో సన్నగా సాగి కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. పక్కనే మూత పోయిన పింగాణీ బేసిన్‌లో అందరూ ఉమ్మిన గళ్ళా, దానిమీద ముసిరే ఈగలూ. ఆ ఈగలే లేచి వచ్చి వరుసలో నిలబడ్డవాళ్ళ పెదాల మీద వాలేవి. సూది నొప్పి నాకు లెక్కలేదు. ఆ ఈగ నా మూతి మీద వాలినప్పుడు మాత్రం పెదాలు మండేదాకా పైగుడ్డతో తుడుచుకునేవాణ్ణి.

అయినా మందు పనిచేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మూడో వారానికి నెత్తురు ఆగింది. దగ్గు తగ్గింది. అక్క పెట్టిన అన్నం అంతా తింటున్నాను. కూలి మనిషికి వల వదలడం చేతకావడం లేదని అన్న కబురు పంపితే, ఇంకెన్నాళ్ళులే అనుకుని లోలోపల మురిసిపోయాను.

అయిదో వారం దాటాక నేల కదలడం మొదలైంది.

మొదట కొంచెమే. బజారులో నడుస్తుంటే నా పాదం నేను అనుకున్నచోట పడేది కాదు. చెవుల్లో సన్నటి హోరు. అక్కతో చెబితే, "అల దిగలేదురా అబ్బయ్యా నీకు. చిన్నప్పటినుంచీ నీళ్ళమీద ఉండినోడివి, అంత తేలిగ్గా యాడ పోతాది" అంది. నాకూ నిజమేననిపించింది. అనిపించడం ఏమిటి, సంతోషమేసింది. సముద్రం నన్ను మరిచిపోలేదనుకున్నాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే వెగటు పుడుతుంది.

ఒక పొద్దున పాక ముందు రాయి మీద నిలబడి ముఖానికి సబ్బు రాసుకున్నాను. కళ్ళు మూశానో లేదో, పక్కకు పడిపోయాను. నీళ్ళ కుండ పగిలింది. కళ్ళు తెరిచి ఉంటే ఎలాగో నిలబడగలను, మూస్తే చాలు పడిపోతున్నాను. చీకటిపడ్డాక గోడ పట్టుకుంటే తప్ప అడుగు పడేది కాదు. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్ళు.

ఆసుపత్రిలో కాంపౌండరు, "ఏందిరా, పొద్దున్నే కల్లు పాక కాడ ఆగి వచ్చినావా?" అని నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. బల్ల మీదున్నవాళ్ళంతా నవ్వారు. నేను కిటికీ దగ్గరికి పోయి డాక్టరుకే చెప్పాను.

"బలహీనత. గుడ్లు తిను. సూది మానకు" అన్నాడు, తల ఎత్తకుండానే.

"సూది ఏసే కాణ్ణించే అయ్యా ఇది."

"తుంటికి వేసిన సూదికి తల ఎలా తిరుగుతుందోయ్? నీ తల అక్కడుందా?"

ఈసారి కాంపౌండరు పడీపడీ నవ్వాడు. నేను మెట్టు కింద నిలబడి ఇంకో పది పన్నెండు రోజులు, అడిగినప్పుడల్లా తుంటి చూపించాను. నాకంటే ఆయనకే తెలుసుననుకున్నాను మరి.

అరవై నాలుగో సూది వేయించుకుని వచ్చిన రోజు. అక్క పాక ముందు కూర్చుని చేపలు తోముతోంది. నేను పశువుల కొట్టం గోడ పట్టుకుంటూ రావడం అంత దూరం నుంచీ చూసింది. కూర్చున్నాక అడిగింది, "అబ్బయ్యా, నువ్వు కడసారి తెప్ప ఎప్పుడెక్కినావు?"

"కార్తీకంలో."

"ఇప్పుడేం నెల?"

"మాఘం."

ఆమె కత్తి ఆగిపోయింది. "కార్తీకంలో ఎక్కిన అల మాఘం దాకా యాడుంటాదిరా?" అంది.

ఒక్క పూట మించి ఎవరి కాళ్ళలోనూ నిలవనిది నా కాళ్ళలో మూడు నెలలు ఉందని నమ్మాం. మా పల్లెలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. మరుసటి రోజునుంచి నేను సూదికి పోలేదు.

మానేసిన నాలుగో రోజో అయిదో రోజో పక్కింటి అయ్యవారు వచ్చారు. ఆయన మిషన్ బడిలో పంతులు, ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి, ఇంగ్లీషు చదివినవారు. ఆయన ఇంట్లో నిప్పు ఆరిపోతే మా పొయ్యిలోంచి అంటించుకుపోవడానికి వచ్చారు. అక్క చూరులోంచి ఒక కాగితం లాగి ఇచ్చింది. కాంపౌండరు వారం వారం మాత్రలు పొట్లం కట్టి ఇచ్చే కాగితాలు అవి. పలచగా, రెండువైపులా చీమలబారు అక్షరాలతో ఉండేవి. పొయ్యి అంటించుకోవడానికి పనికొస్తాయని అక్క వాటిని చూరులో దోపి పెట్టేది. అయ్యవారు దాన్ని నిప్పులో పెట్టబోయి ఆగి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఇది ఎక్కడిది నాయనా?" అని అడిగారు.

"సూది మందు బుడ్డీ ఉంటాదే, ఆ అట్టపెట్టెలో వచ్చే కాగితమంట. దాంట్లో మాత్రలు కట్టిస్తారు" అన్నాను.

ఆయన నెమ్మదిగా తెలుగులో చెప్పారు. ఈ మందువల్ల కొందరికి తల తిరుగుతుంది, తూలుతారు, చెవుల్లో హోరు వస్తుంది, వినికిడి పోవచ్చు. అలాంటివి కనిపిస్తే వైద్యుడు వెంటనే మోతాదు తగ్గించాలి, లేకపోతే మానిపించాలి. అంతా అచ్చులో ఉంది. చూరులో ఉన్నవన్నీ తీసి చూశాం. అన్నీ ఆ కాగితమే. వారం వారం నా మాత్రలకు చుట్టి నా చేతికే ఇచ్చి పంపారు. దానితో మేము పొయ్యి అంటించుకుని అన్నం వండుకున్నాం.

నేను ఆ కాగితం తీసుకుని ఆసుపత్రికి పోయాను. ఈసారి మెట్ల కింద ఆగలేదు. గోడ పట్టుకుంటూ, కుర్చీలు పట్టుకుంటూ లోపలికే పోయాను. డాక్టరు కాగితం చూసి, వెనక్కి ఇచ్చేశాడు. ఆయన ముఖంలో తప్పు చేసినవాడి జాడ ఏమీ లేదు. అదే నన్ను చంపింది.

"ఇది అందరికీ రాదు" అన్నాడు.

"నాకొచ్చింది గదయ్యా. వచ్చిందని నీకు చెప్పినా గదా."

"చెబితే మీరు సూదికి రారు. మీవాళ్ళ సంగతి నాకు తెలియదా? చెబితే మానేస్తారు, మానేస్తే చస్తారు." కలం చేతిలోకి తీసుకుని, "దగ్గుందా?" అన్నాడు.

"లేదు."

"నెత్తురు?"

"లేదు."

"మరింకేం? తూలితే తూలావు. బతికావు కదా."

"తెప్ప మీద మళ్ళీ నిలబడతానా అయ్యా?"

ఆయన కలం మూత పెట్టాడు. "నరం దెబ్బతిన్నది అంత తొందరగా బాగుపడదు. వేరే పని ఏదైనా చూసుకో" అన్నాడు. చెప్పులు తెగితే వేరే కొనుక్కోమన్నట్టే ఉంది ఆ గొంతు. తరవాత కాంపౌండరు వైపు తిరిగి, "వీళ్ళక్క ఈ వారం వంజరం వెయ్యలేదేం?" అని అడిగాడు.

ఆ క్షణంలో నాకు కోపం కూడా రాలేదు. రోత వేసింది. ఆయన సబ్బు వాసన, ఆ బేసిన్, ఆ ఈగలు, మా అక్క కోసిచ్చిన చేపలు తిని నున్నగా అయిన ఆ చెంపలు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. బయటికి వచ్చి మెట్ల దగ్గరే కక్కుకున్నాను.

మా బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పక్కన భార్య. మాది కాని వేరే పల్లె, కాని మా కులమే, మా పనే. అరచేతుల్లో తాళ్ళు లాగి కాసిన కాయలు చూస్తే తెలుస్తుంది. ఆమె నాకు ముంతతో నీళ్ళు ఇచ్చింది. నోరు కడుక్కున్నాక ఆయన దగ్గు ఆపుకుంటూ అడిగాడు.

"ఇక్కడ సూది మంచిదంటారే, నిజమా తమ్ముడా? ఈ దినమే మొదులు పెడతామన్నారు."

నా నోట్లో ఇంకా ఆ చేదు అలాగే ఉంది. "ఏసుకుంటే నా మాదిరి అవుతావు. చూడు" అని గోడ వదిలేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. పడిపోయాను. ఆమే నన్ను లేపింది.

"తెప్ప ఎక్కేది మరిచిపో అన్నా. ముందు మనిషివైనా, వెనక మనిషివైనా ఇంతే. వాళ్ళకు తెలుసు, చెప్పరు. నేను మానేసినా. చూడు, బతికే ఉండా, దగ్గు కూడా లేదు."

ఆయన తన భార్య ముఖం చూశాడు. ఆమె ముంత బోర్లించి, సంచి చంకన పెట్టుకుంది. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. కిటికీలోంచి కాంపౌండరు "ఓయ్, ఎక్కడికి?" అని పిలిచాడు. వాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. డాక్టరు చేతిలోంచి ఒక మనిషిని లాక్కున్నాననుకున్నాను. ఆ రోజు రాత్రి చాలా రోజుల తరవాత ఆకలేసి అన్నం తిన్నాను.

సూదులు మానినా మాత్రలు మానలేదు. అయ్యవారు మానొద్దని గట్టిగా చెప్పి, నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి మాత్రలు ఏడాదిన్నర మింగాను. ఫోటో తీస్తే మచ్చ మానిందన్నారు.

వేసవిలో పల్లెకు వెళ్ళాను. అన్న కూలి మనిషిని దిగిపొమ్మని, అన్నమాట ప్రకారం నన్ను ముందుకు ఎక్కించాడు. నడుములోతు నీళ్ళలోనే. మొదటి అలకే పడ్డాను. లేచి మళ్ళీ ఎక్కాను, మళ్ళీ పడ్డాను. ఒడ్డున వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు ముందు నవ్వారు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. మూడోసారి పడ్డాక ఎవరూ నవ్వలేదు. అన్న నన్ను దుంగ మీదికి లాగి కూర్చోబెట్టి, "కొన్నాళ్ళు పోనీరా" అన్నాడు. ఆ కొన్నాళ్ళు పోలేదు. నేను ఒడ్డున కూర్చుని వలలు అల్లడం, చిరిగినవి బాగుచేయడం నేర్చుకున్నాను. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేసే పని అది. నాకు అప్పటికి ఇరవై అయిదు నిండలేదు.

తరవాతి ఏడు ఎండు చేపల సంతలో ఒకామె నా ముందు గంప దించింది. నుదుట బొట్టు లేదు. నేను గుర్తుపట్టలేదు, ఆమే నన్ను గుర్తుపట్టింది. ఎలా గుర్తుపట్టకుండా ఉంటుంది, నేను సంత పందిరి గుంజ పట్టుకుని నిలబడే ఉన్నాను.

"ఆసుపత్రి కాడ నీళ్ళిచ్చినానే అన్నా" అంది. ఆయన ఎలా ఉన్నాడని అడగవలసిన పని లేకపోయింది. వైశాఖంలో పోయాడట. చివర్లో పడక మీదనే నెత్తురు కక్కుకున్నాడట. ఆమె గొంతులో నా మీద కోపం ఏమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వు చెప్పినట్టే మేము సూది జోలికి పోలేదన్నా. నీకు మానితే బాగయింది గదా, ఆయనకెందుకు కాలా?"

నేను ఆ రోజు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. తూలింది నిజం, వాళ్ళకు తెలిసీ చెప్పనిది నిజం, మానేసి బతికింది నిజం. డాక్టరు తనకు కావలసిన సగం చెప్పినట్టే, నేనూ నాకు కావలసిన సగం చెప్పాను. నన్ను బతికించిన ఆ మిగతా సగం, తెప్ప దూరమైందన్న కడుపుమంటలో, నా నోట రాలేదు.

"నేను అరవై నాలుగు సూదులు ఏయించుకున్నాక మానినా తల్లీ. మాత్రలు కూడా మింగతానే ఉండినా" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన ఒక్కటి కూడా ఏయించుకోలేదన్నా" అని, గంప ఎత్తిపెట్టమని వంగింది.